కూతురి బిడ్డ

బోంగిమ్ సగానికి వంగి, పదినెలల సోల్‌ను చంక కిందినుంచి వీపు మీదికి జార్చుకుంది. ఒక చేయి వెనక్కి పెట్టి పిల్లకు ఊతం ఇస్తూ, రెండో చేత్తో పొదేగి అంచు పట్టి పిల్ల భుజాల మీదుగా కప్పింది. దూది పెట్టి కుట్టిన ఆ దుప్పటి ఒకప్పుడు ఎర్రగా ఉండేది. ఇప్పుడు ఏ రంగని చెప్పడం కష్టం. దాని పై అంచుకున్న రెండు పొడవాటి పట్టీలను ఛాతీ మీదుగా లాగి, వెనక్కి తిప్పి, పిల్ల తొడల కిందుగా దాటించి, మళ్లీ ముందుకు తెచ్చి ముడి వేసింది. కళ్లు మూసుకున్నా ఆ ముడి అక్కడే పడుతుంది. అప్పుడు నిటారుగా నిలబడి చీపురు అందుకుంది.

ఊడవడానికి ఇంట్లో ఏమీ లేదు. సామానంతా ఓడలో జేజు దీవికి వెళ్లిపోయింది. సోల్ నాన్నకు అక్కడికి బదిలీ అయింది. ఆయన ముందే వెళ్లి కొత్త ఇల్లు సర్దుతున్నాడు. ఖాళీ హాలు మధ్యలో సోల్ అమ్మ మిన్‌గ్యోంగ్ బాసింపట్టు వేసుకుని కూర్చుని, చిన్న చిన్న సంచుల్లో రెండేసి మిఠాయిలు, ఒక జత చెవిబిరడాలు, ఒక కార్డు పెట్టి రిబ్బన్లు కడుతోంది. రాత్రంతా కడుతూనే ఉంది. కార్డు మీద గుండ్రటి అక్షరాలతో సోల్ చెబుతున్నట్టుగా రాసి ఉంది. నా పేరు సోల్. నాకు పది నెలలు. ఇవాళే మొదటిసారి విమానం ఎక్కుతున్నాను. చెవులు నొప్పి పుట్టి ఏడిస్తే నన్ను, మా అమ్మను క్షమించండి.

"పిల్ల ఇంకా నోరైనా తెరవలేదు. అప్పుడే దండాలా?" అంది బోంగిమ్ చీపురు ఆపకుండా.

"ఏడ్చాక పెడితే ఎవరు తీసుకుంటారు పిన్నిగారూ?"

"మా రోజుల్లో బస్సులో పిల్ల ఏడిస్తే పక్కామె లాక్కుని ఎత్తుకునేది."

"ఇప్పుడు లాక్కోరు. వీడియో తీస్తారు." మిన్‌గ్యోంగ్ నవ్వలేదు. రిబ్బను పళ్లతో బిగించి అంది. "నేనూ పెళ్లికి ముందు ఒకసారి, పక్కన పిల్లాడు ఏడుస్తున్నాడని సీటు మార్చమని అడిగినదాన్నే. ఆ తల్లి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది."

బోంగిమ్ చీపురును ఇంకో మూలకు తిప్పింది. ఇవాళ ఆమెకు మాటలకంటే పని ముఖ్యం. కిందటి వారం మిన్‌గ్యోంగ్ గిన్నెలు సర్దుతూ మామూలుగా అన్నట్టు ఒక మాట అంది. కొత్త ఇంట్లో వంటగది పక్కన చిన్న గది ఉందట, కిటికీలోంచి కమలా తోట కనిపిస్తుందట. ఈ ప్రయాణం గడిచాక కూర్చుని మాట్లాడుకుందాం పిన్నిగారూ, అంది. మీరు ఆ గదిలో ఉంటారా అని అడగలేదు. కానీ ఆ గదిని బోంగిమ్ వారం రోజులుగా మనసులో ఊడుస్తూనే ఉంది. పక్కబట్ట ఎక్కడ మడిచి పెట్టాలో, పొదేగి ఏ మేకుకు తగిలించాలో కూడా అనుకుంది. ఇప్పుడామె ఉండేది బుప్యోంగ్‌లో, సగం నేలలోకి దిగిన గదిలో. అక్కడి కిటికీలోంచి దారినపోయేవాళ్ల చెప్పులు కనిపిస్తాయి.

టాక్సీలో సోల్ ఆడుకుంది. గింపో విమానాశ్రయంలో తనిఖీ దగ్గర పొదేగి విప్పి ప్లాస్టిక్ తొట్టిలో పెట్టమన్నారు. తనిఖీ చేసే పిల్ల పాతికేళ్ల లోపుది, పట్టీని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"ఇదేంటి మామ్మగారూ, దుప్పటా?"

"పిల్లను కట్టుకునేది."

"వీపుకా? పడిపోరూ?"

"నిన్నూ ఎవరో ఒకరు కట్టుకునే ఉంటారులే," అంది బోంగిమ్. ఆ పిల్ల నవ్వింది. మిన్‌గ్యోంగ్ మాత్రం వెనక వరసలో ఉన్నవాళ్లకు వంగి, ఆలస్యం అవుతున్నందుకు క్షమించమని చెబుతోంది.

విమానం ఎక్కాక సంచుల పంపకం మొదలైంది. మిన్‌గ్యోంగ్ ప్రతి వరస దగ్గరా ఆగి, నడుం వంచి, రెండు చేతులతో సంచి అందిస్తూ, చిన్నపిల్ల ఉందండీ, కాస్త ఓర్చుకోండి అంటోంది. కొత్త ఇంట్లో దిగినవాళ్లు ఇరుగుపొరుగుకు కుడుములు పంచుతారు. ఇదీ అలాగే ఉంది. కానీ కుడుములు పంచేవాళ్లు తల ఎత్తి పంచుతారు. పదకొండో వరసలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బోంగిమ్‌కు ఒక్కో వరస దాటేకొద్దీ చెవులు వేడెక్కాయి. పిల్లకు కొత్త మేజోళ్లు తొడిగి, జుట్టు తడిపి దువ్వి, ఇంత శుభ్రంగా తయారు చేస్తే, ఏదో దొంగతనం చేసినట్టు అందరికీ వంగడమేమిటి.

కొండలెక్కడానికి వెళ్తున్న ఆడవాళ్ల గుంపు ఒకటి ఉంది. అందరూ రంగురంగుల కోట్లు వేసుకున్నారు. వాళ్లలో లావుపాటి ఆవిడ సంచి తీసుకుని, "ఇవెందుకమ్మా, పిల్లలు ఏడవకపోతే మేం ఏడవాలా?" అంది. పక్కావిడ, "నువ్వు రాత్రి బార్లో ఏడ్చావుగా," అంది. గుంపంతా పగలబడి నవ్వింది. ఒక కాలేజీ అమ్మాయి కార్డు చదివి సోల్‌కు చేయి ఊపింది. బూడిదరంగు సూటు వేసుకున్న ఒకాయన చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీయలేదు. సంచి అందుకుని, చూడకుండానే ముందు సీటు జేబులో పడేశాడు.

పైకి లేస్తున్నప్పుడు సోల్ పాలసీసా పీలుస్తూ కిటికీ వైపు చూసింది. కిక్కురుమనలేదు. మేఘాల పైకి వచ్చాక మాత్రం కాళ్లు తన్నుకోవడం, ముక్కు రుద్దుకోవడం మొదలుపెట్టింది. అది నిద్ర. బోంగిమ్ లేవబోయింది. మిన్‌గ్యోంగ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి, తల తూలుతోంది.

"వెనక్కి తీసుకెళ్తా. మీరు కాస్త నడుం వాల్చండి సోల్ అమ్మా."

"పడుకుంటే పడుకోనివ్వండి. కానీ కిందికి దిగుతున్నామని చెప్పగానే నన్ను లేపండి. సోల్‌నూ లేపాలి. నిద్రలో మింగదట, చెవులు పట్టేస్తాయట. దిగేటప్పుడు సీసా నోట్లో ఉండాలని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మర్చిపోరుగా?"

"మర్చిపోతానా."

విమానం వెనక, టీ కాచే గది పక్కన, బోంగిమ్ మళ్లీ సగానికి వంగి, జార్చి, కప్పి, ముడి వేసింది. విమానం చిన్నగా ఊగుతోంది, ఆమె దాంతో పాటు ఊగింది. కాసేపటికి వీపు మీద బరువు పెరిగింది. పిల్లలు నిద్రలోకి జారగానే బరువెక్కుతారు. మెడ వెనక వెచ్చటి ఊపిరి ఒకే తీరున తగులుతోంది. బోంగిమ్ జీవితంలో తనకు వచ్చునని నమ్మకంగా చెప్పగలిగిన పని ఇదొక్కటే.

చివరి వరసలో కమలా రంగు మఫ్లరు కట్టుకున్న ముసలావిడ మెడ చాచి చూసింది.

"పొదేగి చూసి ఎన్నాళ్లయిందో. మా కోడలు దీన్ని చూస్తే కుక్కపిల్లను కట్టేసినట్టుంది అంటుంది."

"పిల్లలకు తెలుసులెండి అక్కయ్యా, ఏది మంచిదో."

"బంగారంలా పడుకుంది. మనవరాలేనా? కొడుకు బిడ్డా, కూతురి బిడ్డా?"

బోంగిమ్ కాదని చెప్పడానికే నోరు తెరిచింది. కానీ ఆవిడ అప్పటికే చేయి చాచి సోల్ మేజోడు సరిచేస్తూ, జవాబు తెలిసినట్టు నవ్వుతోంది.

"కూతురి బిడ్డ," అంది బోంగిమ్.

ఆమెకు కూతురు లేదు. జేబోక్ అని ఒక కొడుకు ఉన్నాడు. వాడికి ఏడాది నిండకముందే వాడి నాన్న పోయాడు. వాణ్ని ఇదే పొదేగిలో కట్టుకుని జాంగ్‌హుంగ్ వెళ్లి, అత్తగారి గడపలో దించి, ముడి విప్పింది. అత్తగారు పిల్లాణ్ని తీసుకుని, పొదేగి మడిచి తిరిగి ఇచ్చింది. నా దగ్గర పాతది ఉంది, ఇది నువ్వుంచుకో అంది. ఖాళీ పొదేగి ఒళ్లో పెట్టుకుని సియోల్ బస్సెక్కింది. మొదట బట్టలు కుట్టే చోట, తరువాత ఇళ్లలో పిల్లల్ని చూసే పనిలో చేరింది. ఎవరెవరి పిల్లలో ఆ పొదేగిలో పెరిగి, బడికి వెళ్లి, ఆమెను మర్చిపోయారు. జేబోక్ ఉల్సాన్‌లో ఓడలు తయారుచేసే చోట పని చేస్తాడు. పండుగలకు ఫోన్ చేస్తాడు, మాట మర్యాదగానే ఉంటుంది. వాడి కూతురి మొదటి పుట్టినరోజుకు వెళ్లినప్పుడు ఆ పిల్ల ఈమె చేతిలోకి రాగానే బిగుసుకుపోయి ఏడ్చింది. కొత్త మొహం కదా అమ్మా, అని కోడలు వెంటనే తీసేసుకుంది. పొదేగి తెచ్చానని చెప్పనే లేదు బోంగిమ్. సంచిలోనే ఉంచి తిరిగి తెచ్చుకుంది.

"అల్లుడికి జేజులో ఉద్యోగం. నన్నూ వాళ్ల దగ్గరే ఉండమంటున్నారు," అంది బోంగిమ్. మాటలు వాటంతటవే వస్తున్నాయి. "నాకో గది కూడా చూశారు. కిటికీలోంచి కమలా తోట కనిపిస్తుందట."

"పెట్టి పుట్టావు చెల్లీ. ఈ రోజుల్లో ఏ కూతురు పిలుస్తోంది? నేను కన్ను ఆపరేషనుకు వెళ్తే మా అమ్మాయి ఆసుపత్రి గేటు దగ్గర దించి, అమ్మా పార్కింగ్ దొరకట్లేదు అంది. ఇప్పటికీ దొరకలేదేమో, మళ్లీ కనిపించలేదు."

ఇద్దరూ నోరు మూసుకుని నవ్వారు. నవ్వుకు సోల్ తల కొద్దిగా కదిలి మళ్లీ వాలింది. అప్పుడే గంట మోగింది. జేజు వైపు దిగడం మొదలుపెట్టామని, సీట్లలో కూర్చోమని చెప్పారు.

బోంగిమ్ విన్నది. పదకొండో వరసలో మిన్‌గ్యోంగ్ తల పక్కకు వాలి ఉండటం ఇక్కడికి కనిపిస్తోంది. వెళ్లి భుజం తట్టాలి. పిల్ల బుగ్గలు తడిపి లేపాలి.

"వాళ్లమ్మ లేపమంది," అంది సగం గొంతుతో.

"ఎందుకూ? ఇంత చక్కగా పడుకున్నదాన్నా? ఈ కాలం తల్లులకు ఫోన్ చెప్పిందే వేదం. అమ్మమ్మవి, నీకు తెలియదా ఏంటి?"

పడుకున్న పిల్లను లేపకూడదన్నది బోంగిమ్ పుట్టినప్పటినుంచి విన్న మాట. అది కూడా ఉంది. కానీ ఆ మాట కోసమే ఆగలేదు. పిల్లల్ని చూసే మనిషైతే చెప్పింది చెప్పినట్టు చేయాలి. అమ్మమ్మకు అక్కర్లేదు. ఇంకాసేపు అమ్మమ్మగా ఉండాలనిపించింది. నిలబడి ఊగుతూనే ఉంది.

ఎయిర్‌హోస్టెస్ వచ్చింది. "మామ్మగారూ, వెంటనే సీట్లోకి వెళ్లాలి. పాపను వీపు మీద ఉంచుకుని కూర్చోకూడదు, ఒళ్లోకి తీసుకోండి." పదకొండో వరస దాకా తానే వెంట వచ్చి, ముడి విప్పేదాకా నిలబడింది. వీపు మీదినుంచి చల్లటి గాలిలోకి వచ్చిన సోల్ కళ్లు తెరిచి, ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూసింది. తరువాత చెవి పట్టుకుంది.

ఆ అరుపు ఆకలి అరుపు కాదు, నిద్ర అరుపూ కాదు. అన్ని రకాల ఏడుపులూ తెలిసిన బోంగిమ్ కూడా దాన్ని ఇంతకు ముందు వినలేదు. మిన్‌గ్యోంగ్ ఉలిక్కిపడి లేచింది.

"దిగుతున్నామా? ఎప్పట్నుంచి?"

సీసా కాళ్ల దగ్గరి సంచిలో ఉంది. వంగడానికి బెల్టు అడ్డం. దొరికింది గానీ, అందులోని పాలు ఎప్పుడో చల్లబడ్డాయి. సోల్ వెనక్కి విల్లులా వంగి, సీసా పీకను నాలుకతో తోసేసి, ఊపిరి బిగపట్టి మళ్లీ అరిచింది. తాగిన రెండు గుక్కలు పొదేగి మీద కక్కింది. ముందు వరసల్లో ఒక్కొక్కరే సంచుల రిబ్బన్లు విప్పుకోవడం బోంగిమ్ చూసింది. చెవిబిరడాలు పెట్టుకుంటున్నారు. పెట్టుకోమనే కదా ఇచ్చింది. అయినా ఆ చేతులు చెవుల దగ్గరికి వెళ్తుంటే మొహం మీద ఉమ్మినట్టుంది.

"మిఠాయి పంచితే సరిపోయిందా?" బూడిదరంగు సూటు ఆయన ఇయర్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగాడు. "పిల్లను ఎలా ఊరుకోబెట్టాలో నేర్చుకుని ఎక్కాలి."

"నువ్వు పుట్టగానే సూటేసుకుని పేపరు చదివావా బాబూ?" అంది కొండల గుంపులోని లావుపాటి ఆవిడ. కొందరు నవ్వారు. ఆ నవ్వు మిన్‌గ్యోంగ్‌కు ఇంకా భారమైంది. ఆమె క్షమించండి, క్షమించండి అంటూ, కూర్చున్న చోటే నలువైపులా తల వంచుతోంది.

"పక్కన పెద్దావిడ ఉందిగా, ఆవిడకైనా తెలియదా?" అన్నారు ఇంకెవరో.

చివరి వరసనుంచి కమలా మఫ్లరు ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది. "ఆవిణ్నేం అంటారయ్యా? దారంతా వీపున మోసింది. సొంత కూతురి బిడ్డ కాబట్టి మోసింది. మీ ఇంట్లో ఎవరైనా మోస్తారా?"

మిన్‌గ్యోంగ్ తల తిప్పి బోంగిమ్ వైపు చూసింది. సోల్ సరిగ్గా అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఖాళీలో మిన్‌గ్యోంగ్ మెల్లగా అన్న మాట అన్ని వరసలకూ వినిపించింది.

"ఈవిడ మా అమ్మ కాదండీ. పిల్లను చూసే మనిషి."

సోల్ మళ్లీ అందుకుంది. బోంగిమ్ బెల్టులోంచే నడుం వంచింది, మిన్‌గ్యోంగ్ వంచినట్టే. "అవునండీ. నేను పనిమనిషిని. తప్పు నాదే." వెనక్కి తిరిగి చూడలేదు.

నేల తాకాక సోల్ వెక్కిళ్లలోకి దిగి, తల్లి భుజం మీద నీరసంగా వాలిపోయింది. దిగేవాళ్లు పక్కనుంచి నడిచి వెళ్లారు. కాలేజీ అమ్మాయి, పర్లేదక్కా అంది. బూడిదరంగు సూటు ఆయన తన సంచిని, రిబ్బను విప్పకుండానే, మిన్‌గ్యోంగ్ సీటు చేతి మీద పెట్టి వెళ్లాడు. కమలా మఫ్లరు ఆవిడ దగ్గరికి వస్తుంటే బోంగిమ్ పొదేగి మీది పాల మరకను వేలితో రుద్దుతూ కూర్చుంది. ఆ మఫ్లరు ఒక క్షణం ఆగింది. తరువాత కదిలిపోయింది. తిట్టినా బాగుండేది.

అందరూ దిగాక ఇద్దరూ లేచారు. నడవలో అక్కడొకటి, అక్కడొకటి సంచులు వదిలేసి ఉన్నాయి. మిన్‌గ్యోంగ్ పిల్లను ఎత్తుకునే వంగి వాటిని ఏరింది. బోంగిమ్ సాయం చేయబోతే, "నేను తీస్తా," అంది.

బయట సోల్ నాన్న, దేగు నుంచి వచ్చిన ఆయన తల్లి ఎదురుచూస్తున్నారు. ఆవిడ చేతులు చాచింది. "మా తల్లి, మా బంగారం. ప్రయాణం ఎలా జరిగిందే అమ్మాయ్?"

"బాగానే జరిగిందత్తయ్యా," అంది మిన్‌గ్యోంగ్.

కొత్త ఇల్లు నాలుగో అంతస్తులో ఉంది. చిన్న గది నిజంగానే వంటగది పక్కన ఉంది. కిటికీలోంచి కమలా తోట నిజంగానే కనిపిస్తోంది. మార్చి గాలికి ఆకులు వెనక్కి తిరిగి తెల్లగా మెరుస్తున్నాయి. గదిలో మిన్‌గ్యోంగ్ అత్తగారి పెట్టె మూలన ఉంది. అది తీసేయొచ్చు, పెద్ద పెట్టె కాదు. బోంగిమ్ గుమ్మంలోంచే చూసి వచ్చి, సింకులో పొదేగి నానబెట్టి, పాల మరక పోయేదాకా సబ్బు పట్టించి, పిండి, బాల్కనీలో ఆరేసింది. సోల్‌కు గంజి వండింది. సోల్ తిని, నాయనమ్మ ఒళ్లోనే పడుకుంది. పిల్ల మళ్లీ మామూలైంది. అది చూశాకే బోంగిమ్ గంజి గిన్నె కడగడానికి లేచింది.

మధ్యాహ్నం వంటగదిలో మిన్‌గ్యోంగ్ కమలాపండు ఒలుస్తూ, తొక్కను ఒకే ముక్కగా తీయడానికి ప్రయత్నిస్తూ, తల ఎత్తకుండా మాట్లాడింది.

"అలా అని ఉండకూడదు నేను. అంతమందిలో."

"ఉన్నదే అన్నారు."

"వెనక అంతా ఇంజిన్ మోత కదా పిన్నిగారూ. దిగుతున్నామని చెప్పింది మీకు వినపడి ఉండదు. అదే అనుకుంటున్నా నేను. మా ఆయనకూ అదే చెబుతా."

తొక్క తెగింది. మిన్‌గ్యోంగ్ ఇప్పుడు తల ఎత్తింది. ఆమె కళ్లలో కోపం లేదు. అవునని ఒక్క మాట అను, చాలు, అన్నట్టుంది ఆ చూపు. పక్కనే గది తలుపు తెరిచి ఉంది, నేల మీద కిటికీ ఆకారంలో ఎండ పడి ఉంది. బోంగిమ్ తడి చేతులు నడుముకు తుడుచుకుంది. ఇవాళ తాను ఆడిన ఒక్క అబద్ధానికే ఆ చిన్న చెవులు ఎంత నొప్పి పడ్డాయో ఆమె చూసింది.

"వినపడింది సోల్ అమ్మా."

"వినపడిందా?"

"బాగా వినపడింది. మీరు చెప్పిందీ గుర్తుంది. లేపాలనిపించలేదు."

ఎందుకని మిన్‌గ్యోంగ్ అడగలేదు. ఒలిచిన పండును మిన్‌గ్యోంగ్ రెండుగా విడదీసి, సగం ఆమె ముందు పెట్టింది. ఇద్దరూ తిన్నారు. పండు తియ్యగా ఉంది. కాసేపటికి మిన్‌గ్యోంగ్, అత్తయ్య కొన్ని నెలలు ఇక్కడే ఉంటానంటున్నారు, అంది. మంచిదే, సొంత మనిషి ఉండటం, అంది బోంగిమ్. ఆదివారానికి తీసుకున్న బోంగిమ్ తిరుగు టికెట్టు ఆ సాయంత్రానికి మారింది.

బయలుదేరేటప్పుడు సోల్ నిద్రలో ఉంది. పిడికిళ్లు తలకు రెండు పక్కలా పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి.

"లేపమంటారా? ఒకసారి చూసి వెళ్తారు," అంది మిన్‌గ్యోంగ్.

"వద్దు. పడుకున్న పిల్లను..." అని ఆగిపోయింది బోంగిమ్. "వద్దులెండి."

పొదేగి చేత్తో పట్టి చూసింది. లోపలి దూది నీళ్లు పీల్చుకుని బరువుగా ఉంది, రేపటికి గానీ ఆరదు. ఆరాక కొరియర్‌లో పంపిస్తానంది మిన్‌గ్యోంగ్. తొందరేం లేదంది బోంగిమ్. ఇప్పుడు వెంటనే కట్టుకోవాల్సినవాళ్లెవరూ లేరు.

లిఫ్టు దాకా మిన్‌గ్యోంగ్ వచ్చింది. ఏదో ఇవ్వాలని చేతులు వెతుక్కున్నట్టున్నాయి. కోటు జేబులోంచి పొద్దున ఏరిన సంచుల్లో ఒకటి తీసి, రెండు చేతులతో అందించింది. "విమానంలో నోట్లో వేసుకోండి పిన్నిగారూ." అని నడుం వంచింది. పొద్దున ప్రతి వరస దగ్గరా వంచినంతే, అంత లోతుగానే. బోంగిమ్ కూడా రెండు చేతులతో అందుకుని, తిరిగి వంగింది. లిఫ్టు తలుపు మూసుకున్నాక సంచిలోని కార్డు పైకి కనిపించింది. నా పేరు సోల్. నన్ను, మా అమ్మను క్షమించండి.

బస్సు స్టాపు రోడ్డుకు అవతలి పక్కన, తోట గోడను ఆనుకుని ఉంది. బోంగిమ్ సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది. వీపు తేలిగ్గా, చలిగా ఉంది. బస్సు మలుపు తిరగడం కనిపించాక ఒకసారి తల ఎత్తి చూసింది. నాలుగో అంతస్తు బాల్కనీలో, కడ్డీ మీద పొదేగి ఇంకా నీళ్లు కారుతూ వేలాడుతోంది. గాలికి దాని రెండు పొడవాటి పట్టీలు ముందుకు వచ్చి, వెనక్కి వెళ్లి, ఒకదాన్నొకటి చుట్టుకుని, కట్టడానికి ఏమీ దొరకక మళ్లీ విడిపోతున్నాయి.